లైబ్రరీ కేటలాగ్‌ను కొత్త సిస్టమ్‌లోకి మార్చాలంటే: కోహా, ఆల్మా, వరల్డ్‌షేర్, ఫోలియోలలో ఏది ఎవరికి?

డెమోలో ప్రతి లైబ్రరీ సాఫ్ట్‌వేరూ చక్కగానే కనిపిస్తుంది. అక్కడ తెర మీద ఉండేది వాళ్లు సిద్ధం చేసుకున్న డేటా. ముప్పై నలభై ఏళ్లుగా పదిమంది చేతుల్లో, పది రకాల అలవాట్లతో పెరిగిన మన కేటలాగ్ ఎక్కించాకే దాని అసలు రంగు బయటపడుతుంది. అందుకే కాలేజీ, యూనివర్సిటీ లైబ్రరీల వాళ్లు ఎవరడిగినా నేను ఒకటే చెబుతాను. ఫీచర్ల పట్టిక పక్కన పెట్టండి. మీ దగ్గరున్న అతి చిక్కు రికార్డులు ఆ సిస్టమ్‌లోకి ఎలా దిగుతున్నాయో, రేపు అవసరమైతే అందులోంచి ఎలా బయటికొస్తాయో కళ్లారా చూసి, అప్పుడు ఎంచుకోండి.

ఇలాంటి మార్పుల్లో నేను రెండుసార్లు పనిచేశాను. మొదటిసారి బైండు చేసిన పీరియాడికల్స్ దగ్గర దెబ్బతిన్నాం. పాత సిస్టమ్‌లో సంపుటం, సంవత్సరం రాసేందుకు సరైన గడి లేక ఏళ్ల తరబడి ప్రతి కాపీ కింద నోట్‌లో టైప్ చేస్తూ వచ్చారు. ఏ పాత గడి ఏ కొత్త గడిలోకి వెళ్లాలో రాసుకునే మ్యాపింగ్ పట్టికలో ఆ నోట్ ఫీల్డు ఎదురుగా ‘తీసుకెళ్లనక్కర్లేదు’ అని ఉంది. మాలో ఎవరమూ అక్కడ ఆగి చూడలేదు. కొత్త సిస్టమ్ మొదలైన వారంలోనే ఒక పరిశోధక విద్యార్థిని 1987 సంపుటం కావాలని వచ్చింది. తెర మీద ఒకే పత్రిక పేరు కింద 42 కాపీలు, అన్నీ ర్యాక్‌లోనే ఉన్నట్టు. ఏది ఏ సంవత్సరానిదో ఎక్కడా లేదు. ఆ అమ్మాయితో పాటు వెళ్లి స్పైన్ లేబుళ్లు చదువుకుంటూ వెతికాం. దొరికింది. కానీ ఆ ఒక్క పత్రికకే కాదు, బైండు చేసిన ప్రతి పత్రికకూ అదే పరిస్థితి. ర్యాక్‌ల ముందు నిలబడి ఒక్కో సంపుటం తీసి చూసి, అన్నీ మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. సిస్టమ్ మంచిదే. మేం అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

కోహా: చేతిలో పట్టు ఉంటుంది, బాధ్యతా ఉంటుంది

కోహా పుట్టుకే ఒక మైగ్రేషన్ (పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారడం) అవసరం నుంచి. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ వాడుతున్న పాత సిస్టమ్ 2000 సంవత్సరం తేదీలను తట్టుకునేది కాదు. 1999లో కటిపో కమ్యూనికేషన్స్ అనే సంస్థ వాళ్ల కోసం కొత్తది రాసింది, 2000 జనవరిలో అది వాడుకలోకి వచ్చింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. పేరుకు తగ్గట్టే కోడ్‌ను అందరికీ ఇచ్చేశారు. ఏటా రెండుసార్లు, మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి, కొత్త వెర్షన్ వస్తుంది.

ముద్రిత పుస్తకాలు ఎక్కువ, ఇష్యూ-రిటర్న్ రద్దీ ఎక్కువ, బడ్జెట్ తక్కువ ఉన్న లైబ్రరీకి నా మొదటి సలహా ఇదే. కేటలాగింగ్, సర్క్యులేషన్ (ఇష్యూ-రిటర్న్), ఓపాక్ (పాఠకులు వెతికే తెర) అన్నీ ఒకే చోట ఉంటాయి. డేటాబేస్ మన చేతిలో ఉంటుంది కాబట్టి డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్ తెలిసిన ఒక్కరున్నా కావలసిన రిపోర్ట్ ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. ఈ చివరి సంగతి విలువ మార్పు జరిగిన మొదటి నెలలోనే తెలుస్తుంది. ‘బార్‌కోడ్ ఉండి కాల్ నంబరు (ర్యాక్‌లో చోటు చెప్పే నంబరు) లేని కాపీలెన్ని?’ అన్న ప్రశ్నకు జవాబు ఎవరికో మెయిల్ రాసి ఎదురుచూడకుండా నిమిషంలో దొరుకుతుంది.

లోటు కూడా చెప్పాలి. లైబ్రరీ రికార్డులో ప్రతి గడికీ, అంటే ఫీల్డుకీ, ఒక నంబరు ఉంటుంది. కోహాలో కాపీ వివరాలు 952 ఫీల్డులో, నేరుగా పుస్తకం రికార్డు కింద వస్తాయి. పుస్తకానికీ కాపీకీ మధ్య విడిగా హోల్డింగ్స్ రికార్డు (మన దగ్గర ఏ సంపుటాలు, ఎక్కడ ఉన్నాయో చెప్పేది) ఉండే మూడంతస్తుల పద్ధతి అందులో లేదు. పుస్తకాలకు దీంతో ఇబ్బంది లేదు. వందల కొద్దీ పత్రికల బైండు సంపుటాలున్న చోట మాత్రం పాత హోల్డింగ్స్ సమాచారమంతా కాపీల్లోకో, పత్రికల కోసం ఉన్న సీరియల్స్ మాడ్యూల్‌లోకో సర్దాలి. 952లో హెచ్ సబ్‌ఫీల్డు (లోపలి చిన్న గడి) ఉన్నది సంపుటం, సంవత్సరం కోసమే. మా 42 కాపీల గొడవ ఆ ఒక్క గడిని నింపి ఉంటే వచ్చేది కాదు. ఎలక్ట్రానిక్ వనరుల మాడ్యూల్ 2022 నవంబరులో వచ్చిన 22.11 వెర్షన్‌తో మొదలైంది. పనికొస్తుంది, కానీ ఖర్చులో సింహభాగం ఈ-జర్నల్స్‌కే పెట్టే లైబ్రరీ దాన్ని బాగా పరీక్షించాకే నమ్ముకోవాలి.

‘ఉచితం’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి. లైసెన్సుకు డబ్బు కట్టనక్కర్లేదు, అంతవరకే. సర్వర్, బ్యాకప్, అప్‌డేట్లు, రాత్రి ఆగిపోతే లేపే మనిషి, వీటన్నిటికీ ఖర్చుంటుంది. లైనెక్స్ తెలిసిన ఉద్యోగి ఒక్కరే ఉండి, ఆ ఒక్కరూ బదిలీ అయిపోతే సిస్టమ్ అనాథ అవుతుంది. ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లు లేనప్పుడు సపోర్ట్ ఇచ్చే సంస్థతో ఒప్పందం పెట్టుకుని వాడటమే మేలు. కోడ్ అందరిదీ కాబట్టి ఆ సంస్థ నచ్చకపోతే ఇంకో సంస్థకి మారినా సిస్టమ్ మారదు. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఈ వెసులుబాటు ఉండదు.

ఆల్మా, వరల్డ్‌షేర్: రికార్డు ఎవరిది?

ఈ రెండూ క్లౌడ్‌లోనే నడుస్తాయి. సర్వర్ టెన్షన్ మనకి ఉండదు. ఆల్మాను ఎక్స్ లిబ్రిస్ సంస్థ తయారుచేసింది. 2012లో మొదట వాడుకలోకి తెచ్చింది బోస్టన్ కాలేజీ. ముద్రిత పుస్తకాలు, ఈ-పుస్తకాలు, డిజిటల్ వస్తువులు మూడింటినీ ఒకే పద్ధతిలో నడపాలన్నది దాని ఆలోచన. పుస్తకం రికార్డు, హోల్డింగ్స్, కాపీ అన్న మూడంతస్తులూ ఉన్నాయి కాబట్టి పత్రికల సంపుటాలు సహజంగా కుదురుకుంటాయి. ఈ-వనరుల పని ఎక్కువగా ఉండి, సిబ్బందిలో సర్వర్లు చూసుకునేవాళ్లు లేని పెద్ద యూనివర్సిటీకి ఇది బాగా సరిపోతుంది. అయితే నేర్చుకోవడానికి సమయం పడుతుంది. ఒక్కో పని వెనక సెట్టింగులు చాలా ఉంటాయి, వాటి మధ్య ముడులు కూడా ఎక్కువే.

ఆల్మాకి వెళ్లేటప్పుడు పీ-టు-ఈ (భౌతిక ప్రతి నుంచి ఎలక్ట్రానిక్‌కి) అనే మెట్టు ఒకటి ఉంటుంది. పాత సిస్టమ్‌లో ఈ-పుస్తకాలకు కూడా ముద్రిత పుస్తకాల్లాగే కాపీ రికార్డులు కట్టి ఉంటారు. వాటిలో ఏవి నిజంగా ఎలక్ట్రానిక్ అన్నది మనమే జాబితా ఇస్తే మైగ్రేషన్ సమయంలో మారుస్తారు. జాబితా సరిగా ఇవ్వకపోతే ర్యాక్‌లో లేని పుస్తకం ర్యాక్‌లో ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ పని ఎప్పుడో తర్వాత చూద్దాంలే అనుకునేది కాదు. ఆల్మా వైపు మొగ్గు ఉన్నవాళ్లు ఒప్పందం కుదరక ముందే ఆ జాబితా మొదలుపెట్టవచ్చు.

ఓసీఎల్‌సీ వారి వరల్డ్‌షేర్ దారి వేరు. 1967లో ఒహాయో రాష్ట్రంలోని కాలేజీ లైబ్రరీల ఉమ్మడి కేంద్రంగా మొదలైన ఆ సంస్థ బలమంతా వరల్డ్‌క్యాట్ అనే ఉమ్మడి కేటలాగ్. వరల్డ్‌షేర్‌లో పుస్తకానికి మన సొంత రికార్డు ఉండదు. అందరూ వాడే ఉమ్మడి రికార్డుకు ‘మా దగ్గర కూడా ఉంది’ అని మన హోల్డింగ్ తగిలిస్తాం. ఎక్కడో ఎవరో ఆ రికార్డును బాగుచేస్తే మనకీ బాగుపడుతుంది. కేటలాగర్లు తక్కువ ఉన్న చోట ఇది గొప్ప సాయం. కానీ మన లైబ్రరీ మాత్రమే రాసుకున్న సంగతులుంటాయి కదా. దాత పేరు, ఆ ప్రతి మీదున్న సంతకం, స్థానిక విషయ శీర్షికలు. అవన్నీ విడిగా లోకల్ డేటా కింద పెట్టుకోవాలి. వాటిని అక్కడికి చేర్చే పని మన మ్యాపింగ్‌లో లేకపోతే ఉమ్మడి రికార్డు వచ్చి కూర్చుంటుంది, మనది పోతుంది. అందుకని వరల్డ్‌షేర్ ఆలోచిస్తున్నవాళ్లు ముందుగా ఒక లెక్క తీయాలి: మన రికార్డుల్లో ఎన్నింటికి అక్కడ సరైన జోడీ దొరుకుతుంది? అందరి దగ్గరా ఉండే పాఠ్య, పరిశోధన గ్రంథాలే ఎక్కువైతే హాయిగా వెళ్లవచ్చు. రాతప్రతులు, సిద్ధాంత గ్రంథాలు, మరెక్కడా దొరకని చిన్న ప్రచురణలే మీ లైబ్రరీకి గుర్తింపు తెచ్చినవైతే నేను వద్దంటాను.

ఫోలియో: పునాది మంచిది, చేరాల్సిన ముక్కలు చాలా

ఫోలియో 2016లో ప్రకటించిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. స్వీడన్‌లోని చాల్మర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2019లో మొదట వాడుకలోకి తెచ్చింది. చిన్న చిన్న యాప్‌లను కలిపి కట్టిన నిర్మాణం ఇది. ఒప్పందాలు, లైసెన్సులు చూసుకునే భాగం బలంగా ఉంటుంది. దీని ఇన్వెంటరీలో కూడా మూడంతస్తులు ఉన్నాయి. పరిశోధన లైబ్రరీలు తమ అవసరాలు చెప్పి కట్టించుకున్నది కాబట్టి ఆ వాసన ప్రతి తెరలోనూ తెలుస్తుంది.

కొనేముందు గుర్తుంచుకోవాల్సింది, ఫోలియోకి సొంత ఓపాక్ లేదు. పాఠకులు వెతికే తెర కోసం వ్యూఫైండ్ లాంటి వెతుకులాట సాఫ్ట్‌వేరు గానీ, ఏదైనా డిస్కవరీ సేవ గానీ విడిగా జోడించాలి. ఆ రెండో సిస్టమ్ ఖర్చు, దాన్ని చూసుకునే మనిషి కూడా లెక్కలోకి రావాలి. సొంత సర్వర్ మీద నడపడం కోహా నడపడం లాంటిది కాదు. డజన్ల కొద్దీ చిన్న సర్వీసులు ఒకేసారి నడవాలి. మంచి ఐటీ విభాగం అండగా ఉంటే తప్ప హోస్టింగ్ సంస్థకు అప్పగించడమే సరైన పని.

ఎవర్‌గ్రీన్ గురించి కూడా అడుగుతుంటారు. 2006లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర ప్రజా గ్రంథాలయాల పైన్స్ కూటమి కోసం వచ్చిన సిస్టమ్ అది. అనేక శాఖలు ఒకే కేటలాగ్ పంచుకునే చోట బాగుంటుంది. ఒంటరి యూనివర్సిటీకి నేను సూచించను.

లోపలికి వెళ్లే ముందే బయటికి దారి

ఏ కంపెనీని నమ్మి చేరామో అదే కంపెనీతో చివరిదాకా ఉంటామని అనుకోవడానికి లేదు. ఎక్స్ లిబ్రిస్‌ను 2015లో ప్రోక్వెస్ట్ కొన్నది. సియెర్రా సిస్టమ్ తయారీదారైన ఇన్నొవేటివ్ కూడా 2020లో ప్రోక్వెస్ట్ చేతికే వచ్చింది. 2021లో ప్రోక్వెస్ట్ మొత్తాన్నీ క్లారివేట్ కొనేసింది. పోటీ సంస్థలని చూసి వేర్వేరుగా ఎంచుకున్న లైబ్రరీలు కొన్నేళ్లకే ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన ఈ కుదుపు ఉండదని కాదు. కువాలి ఓఎల్ఈ అనే ప్రాజెక్టును 2014లో షికాగో యూనివర్సిటీ, లీహై యూనివర్సిటీ వాడకంలోకి తెచ్చాయి. రెండేళ్లు తిరక్కుండానే ఆ ప్రయత్నం ఫోలియోలో కలిసిపోయింది, వాళ్లు మళ్లీ మారాల్సి వచ్చింది.

అందుకే ఒప్పందంలో బయటికి వెళ్లే షరతులు ముందే రాయించండి. పుస్తకాల రికార్డులు మార్క్‌లో (లైబ్రరీ రికార్డుల ప్రామాణిక ఫార్మాట్) ఇస్తాం అంటే చాలదు. హోల్డింగ్స్, కాపీలు, సభ్యులు, ప్రస్తుత ఇష్యూలు, జరిమానాలు, ఆర్డర్లు, లైసెన్సు వివరాలు ఒక్కోటీ ఏ ఫార్మాట్‌లో, ఎన్ని రోజుల్లో ఇస్తారో ఉండాలి. మాటతో సరిపెట్టుకోకండి. ట్రయల్ సమయంలోనే ఎక్కించిన రికార్డులను తిరిగి బయటికి తీయించి, పాత ఫైలుతో పోల్చండి. ఎక్కించడంలో బాగా రాణించి, తిరిగి ఇవ్వడంలో తడబడే సిస్టమ్‌లను చూశాను.

తెలుగు రికార్డులుంటే ఇంకొంచెం జాగ్రత్త

లిపి విషయం చాలామంది చివరికి వదిలేస్తారు. నేను మొదట పెడతాను, ఎందుకంటే ఇక్కడ పోయినది పోయినట్టే తెలియదు.

మార్క్ ఫైలు అసలు రూపంలో ప్రతి రికార్డులోనూ ఫీల్డులన్నిటికీ ముందు ఒక డైరెక్టరీ ఉంటుంది. ఫీల్డు నంబరు ఏది, అది ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడవు అన్నది ఒక్కోదానికి 12 అంకెల్లో రాసి ఉంటుంది. ఆ పొడవు బైట్లలో లెక్క. ‘తెలుగు’ అనే మాట తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, అంటే మొత్తం 18. పాత సిస్టమ్ ఎక్స్‌పోర్ట్ ప్రోగ్రాం బైట్లకు బదులు సంకేతాలు లెక్కపెట్టిందనుకోండి, 18 ఉండాల్సిన చోట ఆరు అని రాస్తుంది. ఇంగ్లిష్ రికార్డులు అన్నీ బాగానే దిగుతాయి. తెలుగు రికార్డుల్లో మాత్రం పేరు మధ్యలో తెగి, మిగతా ముక్క పక్క ఫీల్డులోకి పారుతుంది. రికార్డు మొదట్లో ఉండే లీడర్‌లో (సున్నా నుంచి లెక్కిస్తే) తొమ్మిదో స్థానంలో ‘ఎ’ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే యూనికోడ్ అని అర్థం, ఖాళీగా ఉంటే మార్క్-8 అనే పాత అక్షర సంకేత పద్ధతి అని. డేటా యూనికోడ్‌లో ఉండి ఆ స్థానం ఖాళీగా ఉంటే కొత్త సిస్టమ్ దాన్ని తప్పుగా చదువుతుంది. అదృష్టం కొద్దీ టెర్రీ రీస్ రూపొందించిన మార్క్‌ఎడిట్ అనే ఉచిత పరికరంతో ఈ రెండు తప్పులూ పట్టుకోవచ్చు.

ఇంగ్లిష్ లిపిలో పేరు 245 ఫీల్డులో, అసలు లిపిలో పేరు 880 ఫీల్డులో ఉన్న రికార్డులు కూడా ఉంటాయి. 880ని మ్యాపింగ్‌లో చేర్చకపోతే తెలుగు పేరంతా పోయి లిప్యంతరం మిగులుతుంది. యూనికోడ్ రాకముందు ఫాంట్ల ఆధారంగా టైప్ చేసిన రికార్డులైతే మార్చే ప్రోగ్రాం దొరికినా వత్తులు, సున్నాలు కంటితో చూసి సరిచేసుకోవాల్సిందే.

వెతుకులాట కూడా పరీక్షించండి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ఫ్ట్‌కీ వేకీ మధ్య కంటికి కనపడని ఒక సంకేతం ఉంటుంది. కొందరు దాన్ని వేస్తారు, కొందరు వెయ్యరు. ఐత్వం కూడా యూనికోడ్‌లో ఒకే సంకేతంగా ఉండవచ్చు, రెండుగా విడిపోయి ఉండవచ్చు. ఐత్వం దగ్గర చూపుకి తేడా కూడా ఉండదు, సెర్చ్‌కి మాత్రం ఇలాంటి రెండు రూపాలూ వేర్వేరు మాటలు కావచ్చు. రెండు రకాలుగానూ టైప్ చేసి, రెండిటికీ ఒకే ఫలితాలు వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే ఆ సిస్టమ్‌లో ఇండెక్సింగ్ సెట్టింగ్ మార్చగలరా అని అడగండి. కోహాలో ఆ సెట్టింగ్ మన చేతిలో ఉంటుంది. క్లౌడ్ సిస్టమ్‌లలో వాళ్ల దయ మీద ఆధారపడాలి.

మూడు వందల రికార్డుల పరీక్ష

చివరి జాబితాలో రెండు సిస్టమ్‌లు మిగిలాక, రెండిటికీ ఒకే ఫైలు ఇవ్వండి. మూడు వందల రికార్డులు చాలు, కానీ వాటిని ఏరడంలో ఉంది పనంతా. పేరు మూడుసార్లు మారిన పత్రిక, వంద కాపీలున్న పాఠ్యపుస్తకం, సీడీ జతచేసిన పుస్తకం, ఒకే అట్టలో రెండు పుస్తకాలు బైండు చేసినది, పోయిందని రాసి తర్వాత దొరికినది, బార్‌కోడ్ లేక యాక్సెషన్ నంబరు (లైబ్రరీ రిజిస్టరులో వేసిన నంబరు) మాత్రమే ఉన్నది, గడువు దాటి ఎవరి దగ్గరో ఉండిపోయినది, తెలుగు, ఉర్దూ, సంస్కృతం పుస్తకాలు. వీటిని లైబ్రేరియన్ ఒక్కరే ఏరకూడదు. కౌంటర్‌లో ఇష్యూ చేసేవాళ్లకి తెలిసిన చిక్కులు కేటలాగర్‌కి తెలియవు.

ఫలితాన్ని కూడా వాళ్లతోనే చూపించండి. నిర్ణయం తీసుకునే కమిటీకి పది పేజీల నివేదిక ఇచ్చేకన్నా, ఆ మూడు వందలలో ఏవేవి ఎక్కడెక్కడ విరిగాయో పక్కపక్కన పెట్టి చూపిస్తే మాట సులువుగా తెగుతుంది.

ముందు శుభ్రం చేయాలా, తర్వాతా?

రెండూ, కానీ వేర్వేరు పనులు. బార్‌కోడ్‌లు, లొకేషన్ కోడ్‌లు, ఐటమ్ టైపులు, లేని పుస్తకాల తొలగింపు ముందే అయిపోవాలి, మ్యాపింగ్ అంతా వాటి మీదే నిలబడుతుంది. విషయ శీర్షికలు, రచయితల పేర్ల ఏకరూపత, ఆర్‌డీఏ అనే కేటలాగింగ్ నియమాల పద్ధతికి తేవడం తర్వాత చేసుకోవచ్చు. కొత్త సిస్టమ్‌లో వాటికి మంచి పరికరాలుంటాయి. ముందే అన్నీ సరిచేద్దామని కూర్చుంటే మార్పు ఎన్నటికీ మొదలవదు.

శుభ్రం చేసేటప్పుడు ఎక్సెల్‌తో జాగ్రత్త. లైబ్రరీ బార్‌కోడ్ సాధారణంగా 14 అంకెలు. సీఎస్‌వీ ఫైలును నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ దాన్ని మామూలు సంఖ్య అనుకుని కుదించి చూపిస్తుంది. అలాగే సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి, వందల పుస్తకాలకు ఒకే బార్‌కోడ్ మిగులుతుంది. యాక్సెషన్ నంబరు ముందున్న సున్నాలదీ అదే గతి. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా దిగుమతి చేసుకోండి, లేదా డేటా శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ వాడండి.

పాత సిస్టమ్ ప్రతి రికార్డుకూ గుర్తింపుగా ఇచ్చిన కంట్రోల్ నంబరును ఎట్టి పరిస్థితుల్లోనూ పారేయకండి. కొత్త సిస్టమ్ సాధారణంగా 001 ఫీల్డులో తన నంబరు వేసుకుంటుంది. పాతది 035లోకి వెళ్లాలి. ఆరు నెలల తర్వాత ఒక తప్పు బయటపడ్డప్పుడు, పాత ఫైలులోని రికార్డునూ కొత్త రికార్డునూ కలిపే దారం అదొక్కటే. మా పీరియాడికల్స్‌ను తిరిగి ఎక్కించినప్పుడు కొన్నిటికైనా పాత నోట్లు యథాతథంగా తెచ్చుకోగలిగాం అంటే, ఎవరో ముందుచూపుతో ఆ నంబర్లు ఉంచబట్టే.

ట్రయల్ లోడ్ కనీసం రెండుసార్లు అడగండి. ప్రతిసారీ మొత్తాలే కాక లొకేషన్ వారీగా, ఐటమ్ టైపు వారీగా లెక్కలు సరిపోల్చండి. మొత్తం సరిపోయి, రిఫరెన్స్ విభాగం పుస్తకాలు ఇష్యూ అయ్యేవాటిలో కలిసిపోవడం మామూలుగా జరిగేదే. అసలు మార్పు సెలవుల్లో పెట్టుకోండి. ఆ కొన్ని రోజులు కేటలాగింగ్ ఆపేయాలి. ఇష్యూలు తప్పనిసరైతే సభ్యుడి బార్‌కోడ్, పుస్తకం బార్‌కోడ్, సమయం ఒక ఫైలులో స్కాన్ చేసుకుని తర్వాత ఎక్కించాలి.

పాత సిస్టమ్‌ను వెంటనే మూసేయమని ఐటీ విభాగం అడుగుతుంది. ఒప్పుకోకండి. మార్పులేవీ చేయడానికి వీల్లేకుండా, చూడటానికి మాత్రమే తెరిచి ఉంచమనండి. కొత్త సిస్టమ్‌లోంచి తీసిన జాబితాతో ఒక పూర్తి స్టాక్ వెరిఫికేషన్ అయ్యేదాకా అది ఉండాలి. ఆ తర్వాత డేటాబేస్ పూర్తి బ్యాకప్, మార్క్ ఫైళ్లు, చివరిగా వాడిన మ్యాపింగ్ పట్టిక మూడూ రెండు వేర్వేరు చోట్ల దాచి, అప్పుడు ఆపమనండి.